నూకలతో లైట్ బీర్: తియ్యగ, మసకగ వస్తున్నది. ఎక్కడ సరిచేయాలె?

హాలియా వరిచేను:
అన్నలందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాల్వ కింద వ్యవసాయం. నేను ఉద్యోగం మీద డాలస్‌ల ఉంట, దసరాకు ఇంటికొచ్చిన. అక్కడ గరాజ్‌ల బీర్ చేసుకునే అలవాటున్నది. గోధుమ బీర్, స్టౌట్ మంచిగనే కుదురుతున్నయి. లైట్ బీర్ దగ్గరికొచ్చేసరికి నేను అనుకున్నట్టు వస్తలేదు. నాకు కావాల్సింది తేటగ, లేత బంగారు రంగుల ఉండి, గొంతుల చురుక్కుమని దిగి, నాలుక మీద తీపి మిగలనిది. కేలరీలు కూడా తక్కువుండాలె.

చేసిన పద్ధతి ఇది. 19 లీటర్లకు 3 కిలోల టూ-రో మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), కిలో బియ్యపు నూకలు. నూకలు కడిగి మాల్ట్‌తో పాటే మాష్‌ల (మాల్ట్‌ను వేడి నీళ్లల్ల నానబెట్టే దశ) వేసిన, 68 డిగ్రీల కాడ గంటసేపు ఉంచిన. లెక్క ప్రకారం ఓజీ (పులవక ముందు సాంద్రత) 1.046 రావాలె, 1.038 కాడ ఆగింది. ఎఫ్‌జీ (పులిసినంక సాంద్రత) 1.013. ఫ్రిజ్‌ల ఎన్ని రోజులు పెట్టినా తేటపడ్తలేదు. తాగితే పల్చగనే ఉంటది, చివర్ల మాత్రం తియ్యదనం. నీళ్లు కలిపితే కేలరీలు తగ్గుతయా, లేకుంటే పద్ధతే మార్చాలెనా? ఇంకోటి, మా బాబాయికి మిర్యాలగూడల మిల్లున్నది. పోయేటప్పుడు మంచి నూకలు ఓ పది కిలోలు పట్టుకపోదామనుకుంటున్న. ఏ రకం మంచిదో చెప్పండి.

పాలమూరు బ్రూవర్:
తమ్మీ, నీ అంకెలల్లనే జవాబున్నది. మాది జడ్చర్ల పక్క, గీత వృత్తి చేసుకునే ఇల్లు. నేనిప్పుడు హైదరాబాద్‌ల ఒక మైక్రోబ్రూవరీల పనిచేస్తున్న. లైట్ బీర్ అంటే చాలామంది చిన్నచూపు చూస్తరు, నాకు మాత్రం అన్నిటికన్న కష్టమైన బీర్ అదే. స్టౌట్‌ల ఏదన్న తేడా ఉంటే మాడిన మాల్ట్ కప్పేస్తది. ఇందుల కప్పడానికి ఏమీ ఉండదు.

ముందు కేలరీల సంగతి. పొద్దున దించిన ఈత కల్లు తియ్యగ ఉంటది, మాపటికి పులిసి ఘాటెక్కుతది. ఆ తీపి ఎటూ పోలే, ఆల్కహాల్ అయింది. బీర్‌ల కూడా గంతే. గ్రాము చక్కెరల 4 కేలరీలు. అది పులిస్తే సుమారు అర గ్రాము ఆల్కహాల్ వస్తది, ఆల్కహాల్‌ల గ్రాముకు 7 కేలరీలు. అంటే నాలుగుల మూడున్నర అట్లనే ఉన్నయి. పులియబెట్టుడుతోని కేలరీలు పెద్దగ తగ్గవు. సీసాల ఎన్ని కేలరీలుంటయనేది ఓజీ చూసిన రోజే తేలిపోతది. ఎఫ్‌జీ చెప్పేది వేరే: ఆ కేలరీలల్ల ఎంత ఆల్కహాల్, ఎంత మిగిలిపోయిన తీపి, జిగురు అనేది.

నీ బీర్ లెక్క వేసి చూడు. 355 మిల్లీలీటర్ల సీసాల ఆల్కహాల్ 3.3 శాతం, దాంతోని 64 కేలరీలు. పులవకుండ మిగిలిన పదార్థం తోని ఇంకో 60. మొత్తం 125 దాకా పోతది. అదే ఓజీ 1.030 పెట్టుకొని ఎఫ్‌జీని 1.000కు దించినవనుకో, ఆల్కహాల్ 3.9 శాతం, కేలరీలు 95. నీ దాని కంటె ఆల్కహాల్ ఎక్కువ, కేలరీలు తక్కువ! మిల్లర్ లైట్ సీసా తిప్పి చూస్తే 96 కేలరీలు, 4.2 శాతం, పిండి పదార్థం 3.2 గ్రాములు అని ఉంటది. వాళ్లు పట్టుకున్న దారి కూడా ఇదే. నీళ్లు కలిపితే కేలరీలు తగ్గుతయి, నిజమే, కానీ రుచి కూడా అంతే తగ్గుతది. మసక మసకలెక్కనే ఉంటది.

ఇగ మసక ఎందుకొచ్చిందంటే, నూకలు ఉడకలే. బార్లీ పిండి 60, 65 డిగ్రీలకే మెత్తబడ్తది. బియ్యం పిండికి చాలా రకాలల్ల 70 పైన కావాలె, కొన్నిటికి 78 దాకా. నీ మాష్ 68 కాడ ఉన్నది. పిండిని చక్కెర చేసే ఎంజైమ్‌లు మాల్ట్‌ల ఉన్నా పచ్చి నూక గింజలకు పోలేకపోయినయి. అందుకే ఓజీ పడిపోయింది, కొంత పిండి అట్లనే వోర్ట్‌లకు (మాష్ నుంచి వడకట్టిన తియ్యటి నీళ్లు) దిగి మసకైంది. ఈసారి మాష్ అయిపోయేముందు ఒక చెంచా వోర్ట్ తెల్ల సాసర్ల పోసి, చల్లారినంక ఒక చుక్క అయోడిన్ వెయ్. నల్లగనో నీలంగనో మారితే పిండి మిగిలినట్టు. అయోడిన్ రంగు మారకుండ ఉంటే పని అయినట్టు. పరీక్షకు తీసింది పారబొయ్యి, మళ్ల కుండల కలపకు.

తీపికి కారణం 68 డిగ్రీలు. ఆ వేడిల బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ తొందరగ చచ్చిపోతది. ఈస్ట్ తినగలిగే మాల్టోస్ చేసేది ముఖ్యంగ అదే. ఆల్ఫా అమైలేజ్ ఒక్కటే మిగిలి పెద్ద పెద్ద ముక్కలు కోస్తది, వాటిని ఈస్ట్ ముట్టదు. స్టౌట్‌కు అది మంచిది, లైట్ బీర్‌కు పనికిరాదు.

నేనైతే ఇట్ల చేస్త. 19 లీటర్లకు పిల్స్‌నర్ మాల్ట్ 1.9 కిలోలు, బియ్యం 750 గ్రాములు. బియ్యంల గుప్పెడు మాల్ట్ కలిపి, మూడున్నర లీటర్ల నీళ్లల్ల 70 డిగ్రీల కాడ పది, పదిహేను నిమిషాలుంచు. ఆ గుప్పెడు మాల్టే గంజిని పల్చగ చేస్తది, లేకుంటే గడ్డకట్టి గంటె తిరగదు. తర్వాత అరగంట ఉడకనియ్యి, అడుగంటకుండ కలుపుతనే ఉండు. అది 70 దాకా చల్లారినంక అసలు మాష్‌ల కలిపి, మొత్తాన్ని 63, 64 కాడ గంటన్నర ఉంచు. చివర్ల 70కి తెచ్చి పావుగంట. ఈ ఒక్క ఓపికతోనే ఎఫ్‌జీ 1.005 దగ్గరికి వస్తది. ఇంకా కిందికి కావాలంటే ఎంజైమ్ వేసుకోవాలె, అది తర్వాత చెప్త.

హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) తక్కువనే. 4 శాతం ఆల్ఫా యాసిడ్ (చేదునిచ్చేది) ఉన్న సాజ్ రకం 20 గ్రాములు, వోర్ట్ మరుగు ఆపే గంట ముందు వేస్తే చేదు పది, పదకొండు ఐబీయూ (చేదు కొలత). పల్చటి బీర్‌ల చేదు తొందరగ పైకి తేలుతది, ఇంకా వెయ్యాలనిపించినా చెయ్యి కట్టేసుకో.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:
బీర్ గురించి నాకు తెల్వదు, నూకల గురించి చెప్త. మా దగ్గర ఎక్కువ మిల్లులల్ల ఉప్పుడు బియ్యం పడ్తరు. మీకు ముడి బియ్యం నూకలు కావాలె. ఉప్పుడు నూక పసుపు పచ్చగ, గట్టిగ ఉంటది, దానికి ఒక వాసనుంటది, అది మీ బీర్‌లకు దిగుతది. కొనేటప్పుడు గుప్పిట్ల పట్టి గట్టిగ నలపండి. అరచేతికి గోధుమ రంగు పొడి అంటుకుంటే పాలిష్ సరిగ పట్టలేదని, తవుడున్నదని అర్థం. తవుడుల నూనె ఉంటది, నిల్వ ఉంటే ముక్క వాసన వస్తది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతది.

పది కిలోలు పట్టుకపోతా అన్నరు కదా, పట్టుకపోకండి. ఖాప్రా పురుగు భయంతోని అమెరికాల మన దేశం నుంచి సామాన్ల పెట్టుకపోయే బియ్యం రానియ్యరు. మా చుట్టాల పిల్లగాని బ్యాగుల సన్నబియ్యం ఎయిర్‌పోర్టులనే తీసి పడేసిన్రు. అక్కడ కొనుక్కోండి, ఏ బియ్యమైనా మిక్సీల బరకగ పడితే నూకలే.

పాలమూరు బ్రూవర్:
నూనె మాట బాగ చెప్పిన్రు. ఆ నూనె నురగను చంపేస్తది. గ్లాసుల పోసిన నిమిషానికే నురగ కూలిపోతే తవుడు మీద అనుమానపడొచ్చు.

మిల్లు వాళ్లున్నరు కాబట్టి ఇంకో ముచ్చట. బియ్యానికి పొట్టు ఉండదు, మాష్‌ల బియ్యం పెరిగిన కొద్దీ వడకట్టేటప్పుడు బురదలెక్క పట్టుకుంటది, వోర్ట్ కిందికి దిగదు. దానికి మందు ఊకనే. మన దగ్గర బాయిలర్ల పొయ్యిల పోయే ఊకను అక్కడ బీర్ సామాన్ల దుకాణాలల్ల కడిగి, ఎండబెట్టి, సంచులల్ల అమ్ముతరు. రెండు గుప్పిళ్లు నానబెట్టి మాష్‌ల కలుపు, నీళ్లకు దారి దొరుకుతది. రుచి ఏం మారదు.

నల్లగొండ సైన్స్ సార్:
చదువుతుంటే ఆసక్తిగా ఉంది. రెండు ప్రశ్నలు. మా ఇంటి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. బీర్‌కు గంటసేపు మరిగిస్తారు కదా, మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా? రెండోది, ఇక్కడే ఇంట్లో ఇలా చేసుకోవచ్చా? రిటైరయ్యాక ఒక వ్యాపకంగా ఉంటుందని అడుగుతున్నాను.

పాలమూరు బ్రూవర్:
సార్, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరై పోయేది నీళ్లే, ఫ్లోరైడ్ అక్కడనే ఉండి ఇంకా చిక్కబడ్తది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టిన్రు, అది ఉన్నదే మరిగిస్తే పోదు కాబట్టి. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే దారి లేకుంటే 1.5 దాకా అని మన దేశపు ప్రమాణం. మీ బోరు నీళ్లు ఎంతున్నయో పరీక్ష చేయించి పెట్టుకోండి, బీర్ సంగతి పక్కన పెట్టి, ఇంట్ల వాళ్ల కోసమైనా.

బీర్ లెక్కల చూస్తే ఫ్లోరైడ్ ఉన్న బోర్లల్ల ఇంకో సమస్య ఉంటది. ఆ నీళ్లల్ల తరచుగ బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. బైకార్బొనేట్ మాష్ పీహెచ్‌ను పైకి లేపుతది. లైట్ బీర్‌కు 5.2, 5.4 మధ్యల ఉండాలె. 5.8 దాటితే మాల్ట్ పొట్టుల వగరు దిగుతది, టీ ఆకు ఎక్కువసేపు మరిగినప్పటి వగరు. హాలియా తమ్మీ, నువ్వు డాలస్‌ల ఆర్వో నీళ్లు కొనుక్కో. మొత్తం 27 లీటర్లకు 4 గ్రాముల కాల్షియం క్లోరైడ్ వేస్తే కాల్షియం 40 పీపీఎం అవుతది. పీహెచ్ చూసుకుంట లాక్టిక్ యాసిడ్ చుక్కలు చుక్కలు వెయ్యి.

రెండో ప్రశ్నకు జవాబు, వద్దు సార్. తెలంగాణ ఎక్సైజ్ చట్టం 1968 కింద లైసెన్స్ లేకుండ మత్తు పానీయం తయారు చేయడం నేరం. ఇంట్ల తాగడానికే అన్నా మినహాయింపు లేదు. మా ఇంట్ల కల్లు గీయాలన్నా సొసైటీల పేరో, చెట్టు లైసెన్సో ఉండాల్సిందే. తమ్ముడు ఉన్న చోట చట్టం వేరు. అమెరికాల 1978ల అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతోని ఇంట్ల బీర్ చేసుకోనిచ్చిన్రు, ఏడాదికి ఒక మనిషికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దలున్న ఇంటికి 200. అమ్మొద్దు, అంతే. మీకు చూడాలని ఉంటే హైదరాబాద్‌ల ఏదన్న మైక్రోబ్రూవరీకి పొద్దున పూట పోయి బ్రూవర్‌ను అడగండి. మాష్ నడుస్తుంటే సంతోషంగ చూపిస్తరు. సైన్స్ సార్ అంటే ఇంకా సంతోషం.

నల్లగొండ సైన్స్ సార్:
ధన్యవాదాలు. స్పష్టంగా చెప్పారు. ఈ నెలలోనే నీళ్ల పరీక్ష చేయిస్తాను.

హాలియా వరిచేను:
పాలమూరు అన్నా, ఇంత ఓపికగ ఎవరూ చెప్పలే. బాబాయికి ఊక ముచ్చట చెప్తే నమ్ముతలేడు. రెండు అడుగుత. గంజి ఉడకబెట్టే టైం లేనప్పుడు అటుకులు వెయ్యొచ్చా? ఎంజైమ్ తర్వాత చెప్తా అన్నవు, అది ఎప్పుడు వెయ్యాలె?

పాలమూరు బ్రూవర్:
అటుకులు బేషుగ్గ వెయ్యొచ్చు. ఒడ్లు నానబెట్టి వేడి మీద అణచినవే కదా, పిండి అప్పటికే ఉడికి ఉంటది. సన్న అటుకులు తీసుకో, ఉప్పు, మసాలా ఏం కలవనివి. మాల్ట్‌తో పాటే నేరుగ మాష్‌ల వేసి 64 కాడ గంటన్నర. అయోడిన్ పరీక్ష మాత్రం మరువకు. రుచిల నాకు ఉడకబెట్టిన ముడి బియ్యమే ఇంకా శుభ్రంగ అనిపిస్తది, తేడా చిన్నదే.

ఎంజైమ్ పేరు గ్లూకోఅమైలేజ్, దాన్నే అమైలోగ్లూకోసిడేజ్ అని కూడా అంటరు. 1967ల జోసెఫ్ ఓవేడ్స్ అనే రసాయన శాస్త్రవేత్త న్యూయార్క్‌ల రైన్‌గోల్డ్ కంపెనీల దీనితోనే గాబ్లింగర్స్ అనే డైట్ బీర్ చేసిండు. అది అమ్ముడుపోలే. అదే దారిల వచ్చిన మిల్లర్ లైట్ 1975ల దేశమంత దొరకడం మొదలైనంక లైట్ బీర్ నిలబడ్డది. ఈస్ట్ తినలేని ఆ పెద్ద ముక్కలను ఇది గ్లూకోజ్ దాకా కోస్తది. రెండు చోట్ల వెయ్యొచ్చు. మాష్‌ల వేస్తే వోర్ట్ మరిగేటప్పుడు చచ్చిపోతది, పని ఎంత అయితే అంతే. ఫెర్మెంటర్ల (పులియబెట్టే పాత్రల) వేస్తే ఎఫ్‌జీ 1.000కు, ఒక్కోసారి దాని కిందికి కూడా పోతది. కానీ అది చావదు, నిదానంగ కోస్తనే ఉంటది. అందుకే ఫెర్మెంటర్ల వేసినవంటే తొందరపడి సీసాలల్ల పొయ్యకు. హైడ్రోమీటర్ రీడింగ్ వారం తేడాతోని రెండుసార్లు తీసి, రెండూ ఒక్కటే ఉంటేనే సీసా ముట్టు. ఇంకా పులవాల్సింది మిగిలుండంగ మూతబెడితే సీసా పగుల్తది, గాజు ముక్క కంట్ల పడ్తది. మొదటిసారి మాష్‌లనే వెయ్యి. నీకు 1.002, 1.003 వచ్చినా చాలు, తేడా నాలుకకు తెలుస్తది.

ఈస్ట్ డబ్ల్యూ-34/70 అనే రకం తీసుకో, 12 డిగ్రీల కాడ మొదలుపెట్టు. రీడింగ్ 1.010 దగ్గరికి వచ్చినంక 16, 17కు లేపి మూడు రోజులుంచు, వెన్న వాసన పోతది. తర్వాత ఫ్రిజ్‌ల 1, 2 డిగ్రీల కాడ మూడు వారాలన్న పడుకోనియ్యి. సీసాలకు లీటరుకు 6, 7 గ్రాముల చక్కెర. గ్యాస్ కొంచెం గట్టిగనే ఉండాలె, ఆ చురుకు సగం దానితోనే వస్తది. డాలస్ పోయినంక ఓజీ, ఎఫ్‌జీ రెండూ ఇక్కడ రాయి, లెక్క మళ్ల చూద్దాం.