ఉగాది ప్రోగ్రాం: ప్రొజెక్టర్, లెన్స్, తెర సంగతి

ఆడియో వీడియో వలంటీర్, ఫిబ్రవరి 16
అందరికీ నమస్కారం. మార్చి 21 శనివారం మన ప్రోగ్రాంకి ప్రొజెక్టర్ పని నేను చూసుకుంటానని మీటింగ్‌లో చెయ్యెత్తాను కదా, ఆ సంగతే ఇది. రాబోయేది పరాభవ నామ సంవత్సరం. ఆ పేరు పంచాంగ శ్రవణం వరకే ఉండి స్టేజి మీదకి రాకూడదంటే కొన్ని విషయాలు ఈ వారంలోనే తేలాలి.

పోయిన ఏడాది ఏం జరిగిందో గుర్తుందిగా. అద్దెకి తెచ్చిన ప్రొజెక్టర్‌ని స్కూల్ ఆడిటోరియం బాల్కనీలో పెట్టి ఆన్ చేస్తే బొమ్మ తెర దాటి పక్కనున్న కర్టెన్ల మీదకి పాకింది. ఎంత జూమ్ చేసినా 28 అడుగులకి తగ్గలేదు, మన తెరేమో 16 అడుగులు. చేసేది లేక ట్రాలీ మీద పెట్టి నడవ మధ్యలోకి తోశాం. నడిచే దారికి అడ్డం పెట్టారని స్కూల్ వాళ్లు వచ్చి కేకలేశారు. పిల్లలు లెన్స్ ముందు చేతులు పెట్టి కుందేళ్లు, లేళ్లు ఆడించారు. కూచిపూడి అమ్మాయిల వెనకాల వాళ్లకంటే పెద్ద నీడలు ఆడాయి. ప్రొజెక్టర్‌లో లోపమేమీ లేదు. దానికి తగిలించిన లెన్స్ ఆ దూరానికి పనికిరానిది.

ఈసారి ముందు కొలతలు కావాలి. ఎవరైనా ఒకసారి ఆడిటోరియంకి వెళ్లి దూరం కొలిచి చెప్పగలరా?

ట్రెజరర్, ఫిబ్రవరి 16
కొటేషన్‌లో లెన్స్‌కి వేరే అద్దె వేశారేంటండీ? ప్రొజెక్టర్‌తో పాటు రాదా? మన వాళ్లింట్లో సినిమాలు చూసే ప్రొజెక్టర్ ఒకటి ఉంది, ఊరికే ఇస్తామంటున్నారు.

ఆడియో వీడియో వలంటీర్, ఫిబ్రవరి 16
ఇంట్లో వాడేదానికి లెన్స్ దానికే బిగించి ఉంటుందండీ, మార్చడానికి కుదరదు. పెద్ద హాళ్లలో వాడేవి లెన్స్ లేకుండా ఉత్త పెట్టెలా వస్తాయి. దూరాన్ని బట్టి లెన్స్ మనమే ఎంచుకోవాలి.

లెక్క చాలా సులువు. లెన్స్ నుంచి తెర దాకా ఎంత దూరమో చూసి, దాన్ని బొమ్మ వెడల్పుతో భాగించాలి. దాన్నే త్రో రేషియో అంటారు. 16 అడుగుల బొమ్మ 24 అడుగుల దూరం నుంచి వెయ్యాలంటే 1.5 లెన్స్ కావాలి. అదే బొమ్మ 64 అడుగుల నుంచి వెయ్యాలంటే 4. అద్దె కంపెనీ దగ్గర మన ప్రొజెక్టర్‌కి సరిపడేవి మూడున్నాయి: 1.4 నుంచి 2.2, 2.2 నుంచి 3.6, 3.6 నుంచి 5.5. పోయినసారి మనకి అంటగట్టింది మొదటిది.

ఇక వెలుతురు. ఇంటి ప్రొజెక్టర్ 3000 ల్యూమెన్లు అన్నారు. లైట్లన్నీ ఆర్పేస్తే అది చాలు. స్టేజి లైట్లు పడ్డాయంటే బొమ్మ చాకలి ఉతికిన చీరలా వెలిసిపోతుంది. మనం అడిగింది 7000 ల్యూమెన్ల లేజర్ ప్రొజెక్టర్.

యూత్ వలంటీర్, ఫిబ్రవరి 18
అన్నా, ఈరోజు స్కూల్ అయ్యాక వెళ్లి కొలిచాను. 46 అడుగులు వచ్చింది. అంటే 46ని 16తో భాగిస్తే 2.9 కదా. రెండో లెన్స్ బుక్ చేసేద్దామా?

ఆడియో వీడియో వలంటీర్, ఫిబ్రవరి 18
శభాష్ తమ్ముడూ, లెక్క కరెక్టే. కానీ ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచావు?

యూత్ వలంటీర్, ఫిబ్రవరి 18
బాల్కనీ రెయిలింగ్ కింద నుంచి స్టేజి అంచు దాకా.

ఆడియో వీడియో వలంటీర్, ఫిబ్రవరి 18
అక్కడే చిక్కుంది. తెర స్టేజి అంచులో ఉండదు, ఇంకో 16 అడుగులు వెనక్కి వెళ్లి వేలాడుతుంది. అంటే మొత్తం 62. 62ని 16తో భాగిస్తే 3.9 దాకా వచ్చింది. ఇప్పుడు మూడో లెన్స్ కావాలి. రెండోది తెచ్చుంటే చివరిదాకా జూమ్ చేసినా బొమ్మ 17 అడుగుల పైనే వచ్చి, తెరకి అటూ ఇటూ ఏడేసి అంగుళాలు బయటికి పొర్లేది. ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం ఆ సంగతి తెలిస్తే ఎవరం ఏం చేస్తాం?

మూడో లెన్స్‌తో 58 అడుగుల నుంచి కూడా 16 అడుగుల బొమ్మ వస్తుంది కాబట్టి కాస్త ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలుంది.

డాన్స్ కోఆర్డినేటర్, ఫిబ్రవరి 19
ఒక్క మాట. ఈసారి 11 డాన్సులున్నాయి, వెనకాల గుడి, తోట, వాన అన్నీ వీడియోలే. 20 అడుగుల తెర పెట్టరా? 16 అంటే చిన్నగా కనిపిస్తుందేమో. ఇంకోటి, మా పిల్లల నీడలు తెర మీద పడకుండా చూడండి బాబూ, పోయినసారి తల్లిదండ్రులతో నేను పడ్డ మాటలు నాకే తెలుసు.

ఆడియో వీడియో వలంటీర్, ఫిబ్రవరి 19
అక్కా, రాత్రి కూర్చుని కాగితం మీద గీసి చూశాను.

తెర 20 అడుగులైతే విస్తీర్ణం 144 చదరపుటడుగుల నుంచి 225కి పెరుగుతుంది. ఉన్న వెలుతురే అంత మేర పరుచుకోవాలి, బొమ్మ మూడో వంతుకి పైగా డల్ అవుతుంది. సినిమా హాల్లో ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు (ల్యూమెన్లని తెర చదరపుటడుగులతో భాగిస్తే వచ్చేది). 16 అడుగుల తెర మీద మనకి దాదాపు 49 వస్తాయి. చీకట్లో అయితే అది చాలా ఎక్కువే, కానీ డాన్సులకి చీకటి ఉండదు కదా. పైగా తెర మారితే మళ్లీ రెండో లెన్స్ కావాలి. అందుకే తెర సంగతి ఈరోజే ఖాయం చేద్దాం. నా ఓటు 16కే.

ఇక నీడలు. లెన్స్ స్టేజి నేల కంటే 14 అడుగుల ఎత్తులో ఉంటుంది. తెర కింది అంచు నేలకి 5 అడుగుల పైన పెడితే, తెరకి 10 అడుగుల ముందు నిలబడ్డ మనిషి దగ్గర వెలుతురు కిరణం ఆరున్నర అడుగుల ఎత్తులో వెళ్తుంది. తల తగలదు, పైకెత్తిన చెయ్యి తగులుతుంది. ఇంకో అడుగు పైకి లేపితే కిరణం ఏడుంబావు అడుగుల పైకి పోతుంది. తెర కింది అంచు 6 అడుగులు, పై అంచు 15. స్టేజి పైన అడ్డంగా ఉన్న గుడ్డ 18 దగ్గరుంది, ఇబ్బంది లేదు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే: తెరకి 8 అడుగుల ముందు నేను ఎర్ర టేపు అంటిస్తాను, పిల్లలు దాన్ని దాటి వెనక్కి వెళ్లకూడదు.

లెన్స్ బొమ్మ మధ్య కంటే మూడున్నర అడుగులు పైన ఉంటుంది. అయినా ప్రొజెక్టర్‌ని కిందికి వంచొద్దు. వంచితే బొమ్మ ఒకవైపు వెడల్పై పెంకులా అవుతుంది, దాన్ని సరిచెయ్యడానికి కీస్టోన్ వాడితే అక్షరాల అంచులు చెదురుతాయి. సమంగా కూర్చోబెట్టి లెన్స్ షిఫ్ట్‌తో బొమ్మనే కిందికి దించుకోవచ్చు. మనకి బొమ్మ ఎత్తులో 39 శాతం చాలు, ఈ లెన్స్ అంతకంటే ఎక్కువే ఇస్తుంది.

డాన్స్ కోఆర్డినేటర్, ఫిబ్రవరి 19
సరే, 16 ఖాయం. ఎర్ర టేపు కాదు, పచ్చది వెయ్యి. మా చిన్న పిల్లలు ఎర్రది చూస్తే దాని మీదే నిలబడతారు.

భోజనాల టీమ్, ఫిబ్రవరి 21
టీ కాచే పెద్ద పాత్ర, సమోసాలు వేడి చేసే పెట్టె బాల్కనీ పక్క గదిలో పెడుతున్నాం. ప్లగ్గులున్నాయి.

ఆడియో వీడియో వలంటీర్, ఫిబ్రవరి 21
బాబాయ్, దండం పెడతాను, ఆ ప్లగ్గులు వద్దు! ఇక్కడి 120 వోల్టుల కరెంటులో 15 ఆంప్స్ లైన్ మీద ఆగకుండా వాడుకోవడానికి దాదాపు 1440 వాట్లే. టీ పాత్ర ఒక్కటే అంత తాగేస్తుంది. ప్రొజెక్టర్ అదే లైన్ మీదుంటే పంచాంగ శ్రవణం మధ్యలో బ్రేకర్ పడుతుంది. మీకు కింద కెఫెటేరియాలో వేరే లైన్ అడుగుతాను. అలాగే ప్రొజెక్టర్‌ని స్టేజి లైట్ల డిమ్మర్ ప్లగ్గులో ఎవరూ పెట్టకండి, కాలిపోతుంది.

ఇంకా మిగిలినవి:

కేబుల్. బాల్కనీ నుంచి స్టేజి పక్క దాకా చుట్టూ తిప్పితే 150 అడుగులు. మామూలు హెచ్‌డీఎంఐ అంత దూరం రాదు, క్యాట్ 6 కేబుల్‌కి రెండు చివర్లా పెట్టెలు పెట్టి నడుపుదాం. అద్దె కంపెనీ ఇస్తుంది.

స్పాన్సర్ స్లైడ్లు, తెలుగు టైటిళ్లు పీపీటీలో పంపకండి. వేరే లాప్‌టాప్‌లో ఫాంట్ లేకపోతే ఒత్తులన్నీ ఊడి పక్కన కూర్చుంటాయి. పోయిన ఏడాది మన అధ్యక్షుల పేరు ఏమైందో మళ్లీ చెప్పను. బొమ్మగానో పీడీఎఫ్‌గానో పంపండి. వీడియోలు వాట్సాప్‌లో కాకుండా డ్రైవ్‌లో పెట్టండి, మార్చి 14 ఆఖరు.

లెన్స్ బిగించేటప్పుడు పవర్ తీసి ఉంచాలి, ఇద్దరం ఉండాలి. ఒకరు లెన్స్‌ని కింద నుంచి పట్టుకోవాలి, ఒకరు టిక్ మనేదాకా తిప్పాలి. గాజు మీద వేళ్లు పెట్టకూడదు. ఆన్ చేశాక అరగంట వేడెక్కనిచ్చి అప్పుడు ఫోకస్ పెట్టాలి, ముందే పెడితే తర్వాత జరుగుతుంది. బాల్కనీ మొదటి వరస మధ్యలో ఆరు సీట్లు ఖాళీగా ఉంచి తాడు కడదాం. లేజర్ కాబట్టి పిల్లలు లెన్స్‌లోకి తొంగి చూడకూడదు. కింద జనం కూర్చుంటారు, అందుకని ప్రొజెక్టర్‌ని బెల్టుతో స్టాండ్‌కి బిగించాలి.

ప్రోగ్రాం ముందురోజు, శుక్రవారం సాయంత్రం 5కి హాల్ తాళం ఇస్తారు. నాకు ఇంకో మనిషి కావాలి, నిచ్చెన కూడా.

యూత్ వలంటీర్, ఫిబ్రవరి 21
నేనొస్తాను అన్నా. నాన్న నిచ్చెన 8 అడుగులది, చాలుతుందా? కొలిచే చెప్తున్నా, నేల నుంచే.