దాస్ బూట్: డైవ్ అనగానే అందరూ ముందుకి ఎందుకు పరిగెడతారు?

ప్రశ్న:
రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ సబ్‌మెరైన్ మీద బుక్‌హైమ్ రాసిన నవల ‘దాస్ బూట్’ సగంలో ఉన్నాను. అలారం మోగగానే ఖాళీగా ఉన్నవాళ్లంతా పడుతూ లేస్తూ ముందు టార్పెడో గదిలోకి ఉరుకుతారు. అంత పెద్ద సబ్‌మెరైన్‌కి పదిమంది బరువు ఒక లెక్కా? ఇంకోటి, నీళ్లు కారుతుంటే మునిగిపోతామని కాకుండా బ్యాటరీల గురించి అంత కంగారెందుకు?

జవాబు 1:
లెక్కేనండి. అది టైప్ 7సీ అనే రకం సబ్‌మెరైన్, పొడవు 67 మీటర్లు, నీటిపైన 769 టన్నులు. మునిగాక దాని బరువూ, అది తొలగించే నీటి బరువూ దాదాపు సరిసమానంగా ఉంచుతారు. అలాంటప్పుడు కొసకి ఒక టన్ను జరిగినా ముక్కు వంగుతుంది. పదిహేను మంది కలిస్తే టన్ను పైమాటే. విమానం కంటపడ్డాక అర నిమిషంలో నీటికింద ఉండాలి మరి.

చీఫ్ ఇంజనీర్ ఎప్పుడూ చిరాగ్గా ఉండేదీ ఇందుకే. టార్పెడో ఒక్కోటి టన్నున్నర. వదిలాక అంత బరువు నీళ్లు ట్యాంకులోకి తీసుకోకపోతే ముక్కు లేచి పడవ పైకి తేలిపోతుంది, శత్రువు ఎదురుగానే. డీజిల్ సంగతి ఇంకా తమాషా. వాడేకొద్దీ ఆ ఖాళీలోకి అడుగునుంచి సముద్రపు నీరు వస్తుంది. ఘనపు మీటరు డీజిల్ సుమారు 850 కిలోలు, ఉప్పునీరు 1025. అంటే నూనె ఖర్చయ్యేకొద్దీ పడవ బరువెక్కుతుంది! ఆ తేడాని వేరే ట్యాంకులోంచి నీళ్లు తోడి సరిచేస్తూ ఉండాలి.

జవాబు 2:
బ్యాటరీ గురించి. మొత్తం 124 సెల్స్, లెడ్ యాసిడ్‌వి, నేల పలకల కింద ఉంటాయి. ఉప్పునీరు వాటిలోకి దిగితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అది గాలికంటే బరువు, కింద పడుకునే బంకుల దగ్గరే పేరుకుంటుంది. పైగా నీటికింద మోటార్లు నడిచేది ఈ కరెంటుతోనే. సెల్ పగిలితే దాన్ని వదిలేసి పక్క సెల్స్‌ని కడ్డీతో కలుపుతారు. జిబ్రాల్టర్ ఘట్టంలో ఆ పనే జరుగుతుంది, నెమ్మదిగా చదవండి.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండి. ఇదంతా నిజంగా జరిగిందేనా?

జవాబు 3:
సగం సగం. బుక్‌హైమ్ 1941లో యుద్ధ విలేఖరిగా యూ-96 అనే నిజమైన సబ్‌మెరైన్ ఎక్కాడు, కెప్టెన్ లేమన్-విలెన్‌బ్రాక్. నవల 1973లో వచ్చింది. ముగింపు మాత్రం కల్పన: అసలు యూ-96 జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్‌ రేవులో 1945 మార్చి 30న అమెరికన్ బాంబులకి మునిగింది.

లోపలి ఇరుకు అంచనాకి రావాలంటే వైజాగ్ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన కుర్సురా సబ్‌మెరైన్ చూడండి. కాకపోతే అది 91 మీటర్ల ఫాక్స్‌ట్రాట్ అనే సోవియట్ రకం. టైప్ 7సీ దానికంటే 24 మీటర్లు పొట్టి, అందులోనే యాభై మంది దాకా. ఉన్న రెండు మరుగుదొడ్లలో ఒకటి మొదటి వారాల్లో తిండి సామాన్లకే పోయేది.