ఊరి సరుకు అమ్మే వెబ్‌సైట్ తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా? గూగుల్‌కు ఏది దొరుకుతుంది?

కొండకింద ఊరు (ఉదయగిరి):
అందరికీ నమస్కారం. మా పిన్ని వాళ్లు, చుట్టుపక్కల ఇంకొన్ని ఇళ్లవాళ్లు కలిసి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే అధికారిక ముద్ర) ఉన్న పనితనం. అయినా ఎగ్జిబిషన్లలోనో, మధ్యవర్తుల చేతనో తప్ప అమ్ముడుపోవు. అందుకని సొంత వెబ్‌సైట్ చేయించాం. అడ్రస్ మొత్తం కొడితే తెరుచుకుంటుంది గానీ, గూగుల్‌లో మా పేరు పెట్టి వెతికినా రాదు. చేసిన కుర్రాడు రెండు మాటలు చెప్పాడు. తెలుగులో వెతికేవాళ్లు లేరు కాబట్టి తెలుగంతా తీసేసి ఇంగ్లీషులో పెట్టాలన్నాడు. నెలనెలా డబ్బు కడితే మొదటి స్థానం గ్యారంటీ అన్నాడు. పిన్నికేమో తెలుగు ఉండి తీరాలి. చెక్క ఎలా ఆరబెడతారో, గరిటె ఎలా మలుస్తారో ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టాం. డబ్బు కట్టేముందు తెలిసినవాళ్లు చెప్పండి.

ట్రంకు రోడ్డు (నెల్లూరు):
తమ్ముడూ, ఆయన మొదటి మాట నిజం, రెండోది అబద్ధం. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన పేజీల్లో రాసి పెట్టింది. కాబట్టి ఆ డబ్బు కట్టొద్దు.

భాష విషయానికొస్తే, నేను నెల్లూరులో సైట్లు చేసి బతుకుతున్నాను. మీ గరిటెలు కొనేది హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వాళ్లు. వాళ్లు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొడతారు. తెలుగువాళ్లు కూడా 'చెక్క గరిటె' అని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. రెండు భాషలు మొదలుపెట్టినవాళ్లు చివరికి రెండూ సగం సగం వదిలేస్తారు. ఒక్క భాషలో శుభ్రంగా చేయండి, అది ఇంగ్లీషే కావాలి.

దర్శి మాస్టారు:
నేను ఒప్పుకోను. తెలుగులో వెతికేవాళ్లు లేరన్నది నగరంలో కూర్చుని చెప్పే మాట. మా బడి పిల్లల తల్లిదండ్రులు టైపే చేయరు. మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. ఫోన్‌లో వాయిస్ భాష తెలుగు పెట్టుకుంటే ఆ మాటలు తెలుగు లిపిలోనే సెర్చ్‌లోకి వెళ్తాయి. ఇంకో సంగతి. 'ఉడెన్ స్పూన్' అని ఇంగ్లీషులో రాస్తే మీ పోటీ అమెజాన్‌తో, ఫ్లిప్‌కార్ట్‌తో. చెక్క గరిటె పగలకుండా ఎలా వాడాలి, నూనె ఎప్పుడు పట్టించాలి అని తెలుగులో సరిగ్గా రాసిన పేజీలు ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి. ఆ పిన్నిగారి మాటలు ఎక్కడా దొరకని సమాచారం. వాటిని తీసేయమనడం అన్యాయం.

కావలి స్టేషన్ రోడ్డు:
అసలు వెబ్‌సైట్ ఎందుకు? గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. మ్యాప్‌లో పేరు, ఫోన్ నంబర్, ఫోటోలు, రివ్యూలు అన్నీ వస్తాయి. మా షాపు అలాగే నడుస్తోంది. చిన్నవాళ్లకు డొమైన్ (సైట్ సొంత పేరు), హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వర్ చోటు) ఖర్చు దండగ.

చీమకుర్తి గెలాక్సీ:
మాది గ్రానైట్. బ్లాక్ గెలాక్సీ రాయి కొనేది విదేశాలవాళ్లు. మా సైట్‌లో తెలుగు పేజీ పెడితే చదివేవాడు ఉండడు. కాబట్టి ఏ భాష అన్నది కొనేవాణ్ణి బట్టి ఉంటుంది, అభిమానాన్ని బట్టి కాదు.

ఇంగ్లీషు పెట్టినంత మాత్రాన పని అయిపోదని మాత్రం చెప్తాను. మా దగ్గర ఎగుమతిదారుల సైట్లు తెరిచి చూడండి. రాయి గురించి అదే పేరా, అక్షరం మారకుండా, ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టిందే కనిపిస్తుంది. అన్ని చోట్లా ఒకటే మాట ఉంటే గూగుల్ అందరినీ ఎందుకు చూపిస్తుంది? మేం స్లాబ్ మందం 2 సెంటీమీటర్లా 3 సెంటీమీటర్లా, పాలిష్ ఏది, ప్యాకింగ్ ఎలా చేస్తాం అని రాసి, మా యార్డులో మేమే తీసిన ఫోటోలు పెట్టాకే కొనేవాళ్ల నుంచి ఎంక్వైరీలు రావడం మొదలైంది.

పెన్నా గట్టు:
ఉదయగిరి తమ్ముడు మెసేజ్‌లో పంపిన లింకు తెరిచి, పేజీ సోర్సు (పేజీ వెనక ఉండే కోడ్) చూశాను. మీరంతా భాష గురించి వాదిస్తున్నారు గానీ, ఈ సైట్ అక్కడిదాకా రానే లేదు.

సైట్‌లో ప్రతి పేజీ తలభాగంలో 'నోఇండెక్స్' అనే ఆదేశం ఉంది. ఈ పేజీని మీ జాబితాలో చేర్చుకోవద్దు అని సెర్చ్ ఇంజన్‌కు చెప్పే మాట అది. ఈ సైట్‌ను కట్టిన సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో 'రీడింగ్' అనే చోట, సెర్చ్ ఇంజన్లు రాకుండా చూడమనే టిక్కు ఒకటి ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు అది పెట్టుకుంటారు, పని పూర్తయ్యాక తీసేయాలి. ఇక్కడ తీయలేదు. ఇది ఉన్నంతకాలం ఏ భాషలో రాసినా, నెలకు ఎంత కట్టినా మీ పేరు రాదు. డబ్బు అడిగే మనిషి ముందు ఈ టిక్కు చూడాలి కదా. నాకు కోపం వచ్చేది అక్కడే. కొండకింద కూర్చుని చెక్క చెక్కే ఆడవాళ్ల డబ్బు అది.

చాలామంది దీన్నీ రోబోట్స్ ఫైల్‌నూ కలిపేస్తారు. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ 1994 నుంచి ఉన్న పద్ధతి. ఫలానా దారిలోకి రావద్దని క్రాలర్‌కు, అంటే పేజీలు తిరిగి చదివే సెర్చ్ ఇంజన్ ప్రోగ్రాముకు చెప్తుంది, అంతే. వేరే సైట్లలో లింకు ఉంటే ఆ అడ్రస్ అయినా సెర్చ్‌లో కనిపించవచ్చు. జాబితాలోకి రాకూడదంటే వాడేది నోఇండెక్స్. రెండూ ఒకేసారి పెడితే క్రాలర్ లోపలికే రాదు, నోఇండెక్స్ దాని కంట పడదు.

ఇక రెండోది, నాకు ఇంకా ముఖ్యమనిపించింది. పిన్నిగారి మాటలు ఉన్న పేజీ అసలు అక్షరాలు కాదు, పాంప్లెట్‌ను ఫోటోగా పెట్టారు. ఇంకో పేజీలో అను ఫాంట్‌లో టైప్ చేసింది తెచ్చి అతికించారు. మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో అనులోనే కొడతారు. ప్రింటుకు అది బాగానే ఉంటుంది. కానీ కంప్యూటర్ లోపల అవి తెలుగు అక్షరాలు కావు. వేరే గుర్తులకు ఫాంట్ తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, గూగుల్ చదివేదీ ఆ పిచ్చి గుర్తులే. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్ 1991లో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచే అందులో తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఊళ్ల సమాచారం అనులోనూ ఫోటోల్లోనూ ఇరుక్కుపోయి ఉంది. తెలుగులో వెతికితే ఏమీ దొరకదని అందుకే అనిపిస్తుంది. మాస్టారూ, మీ వాదనకు నేను చేర్చేది ఇదే: తెలుగు ఉండాలి, అది యూనికోడ్‌లో ఉండాలి, పేజీలో అక్షరాలుగా ఉండాలి.

భాష సంగతి. ఉదయగిరి గరిటెలకు రెండూ కావాలి, కానీ ఒకే పేజీలో కలపొద్దు. తెలుగు పేజీకి ఒక అడ్రస్, ఇంగ్లీషు పేజీకి ఇంకో అడ్రస్. పేజీ ఏ భాషో గూగుల్ అందులో కనిపించే అక్షరాలను చూసి తేల్చుకుంటుంది. సగం సగం ఉంటే తికమకపడుతుంది. 'హెచ్‌రెఫ్‌లాంగ్' అనే గుర్తుతో ఈ రెండు పేజీలూ ఒకదానికొకటి జంట అని చెప్పాలి. తెలుగు పేజీలో ఇంగ్లీషు పేజీని, ఇంగ్లీషు పేజీలో తెలుగు పేజీని చూపించాలి. ఒకవైపే చూపిస్తే లెక్కలోకి రాదు. వచ్చినవాళ్ల దేశాన్ని బట్టి సైట్ తనంతట తానే భాష మార్చే ఏర్పాటు మాత్రం వద్దు. గూగుల్ క్రాలర్ ఎక్కువగా అమెరికా నుంచే వస్తుంది, దానికి మీ తెలుగు పేజీ ఎప్పటికీ కనపడదు. పైన ఒక లింకు పెట్టండి, కావలసినవాళ్లు నొక్కుతారు.

ప్రతి పేజీకి దాని సొంత టైటిల్ ఉండాలి. ఇప్పుడు అన్నింటికీ 'హోమ్' అనే ఉంది. ఫోటోలకు ఆల్ట్ టెక్స్ట్ (ఫోటోలో ఏముందో చెప్పే చిన్న వాక్యం) రాయండి. మెటా కీవర్డ్స్‌లో (పేజీ కోడ్‌లో కనపడకుండా రాసే మాటల జాబితాలో) వంద మాటలు కుక్కారు, గూగుల్ ర్యాంకింగ్‌లో వాటిని చూడనని 2009లోనే చెప్పింది. తీసేయండి.

ట్రంకు రోడ్డు:
నోఇండెక్స్ సంగతి నేను చూడలేదు, అది మీరు పట్టుకున్నది మంచిది. రెండు భాషలు పెట్టాలన్నది ఇంకా ఒప్పుకోను. తెలుగు పేజీని ఎవరు నిర్వహిస్తారు? ధర మారితే రెండు చోట్లా మార్చాలి. చివరికి ట్రాన్స్‌లేషన్ టూల్‌లో వేసి అతికిస్తారు.

పెన్నా గట్టు:
మెషీన్ చేసిన అనువాదాన్ని మనిషి చదవకుండా గుట్టలుగా పెట్టడాన్ని గూగుల్ స్పామ్ కింద చూస్తుంది, ఆ భయం సరైనదే. కానీ ఇక్కడ తెలుగే మూలం. పిన్నిగారు చెప్పింది తెలుగులో ఉంది. ఇంగ్లీషే రాయించుకోవాలి. ధరలు, ఆర్డర్ ఇంగ్లీషు పేజీలో ఉంచి, తయారీ, వాడకం తెలుగులో విస్తారంగా ఉంచినా చాలు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే కావలసిన పని లేదు.

కావలి అన్నకు ఒక మాట. ప్రొఫైల్ తప్పక పెట్టుకోవాలి. కానీ దాని మీదే ఆధారపడొద్దు. ఆ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. వాటినే నమ్ముకున్న షాపులవాళ్లు మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వచ్చింది. సొంత డొమైన్ ఉంటే హోస్టింగ్ మార్చినా అడ్రస్ మనదే.

కావలి స్టేషన్ రోడ్డు:
షాపుకు వచ్చి కొనేవాళ్లే ఉన్న నాకు ప్రొఫైల్ చాలు. ఉదయగిరి వాళ్లు పార్సిల్‌లో పంపాలి కాబట్టి వాళ్లకు సైట్ అవసరమే, అంతవరకు సరే.

దర్శి మాస్టారు:
పేజీ అడ్రస్ కూడా తెలుగులోనే పెట్టవచ్చా? పెడితే బాగుంటుందని నా కోరిక.

ట్రంకు రోడ్డు:
పెట్టవచ్చు, గూగుల్ చదువుతుంది. కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. అంత పొడవు లింకు చూస్తే మోసమేమో అని జనం నొక్కరు. అడ్రస్ ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా ఉంచండి, దీనిమీద నేను గట్టిగా చెప్తాను.

దర్శి మాస్టారు:
వాట్సాప్‌లో పంపేవాళ్లే ఎక్కువ కాబట్టి అడ్రస్ వరకు ఒప్పుకుంటాను. పేజీ వరకు కాదు.

కొండకింద ఊరు (ఉదయగిరి):
అందరికీ ధన్యవాదాలు. టిక్కు తీసేశాను. నెలసరి డబ్బు కట్టడం లేదని కుర్రాడికి చెప్పేశాను. రెండు భాషలకూ వేరే పేజీలు పెడతాం. సర్వర్‌లో ఇంకేం చేయాలి? పాత అను ఫైళ్లు చాలా ఉన్నాయి, అన్నీ మళ్లీ టైప్ చేయాలా?

పెన్నా గట్టు:
సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. అందులో సైట్ మీదేనని నిరూపించుకుని, సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా ఫైలు) అడ్రస్ ఇవ్వండి. సైట్‌మ్యాప్ ఇస్తే పేజీలున్నట్టు తెలుస్తుందే గానీ, చేర్చుకుని తీరాలని లేదు. అందులోనే ఉన్న యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ముఖ్యమైన పేజీల అడ్రస్‌లు ఒక్కొక్కటి వేసి చూడండి, ఎందుకు చేరలేదో కారణం చూపిస్తుంది. టిక్కు తీసిన మర్నాడే రాలేదని కంగారుపడొద్దు. రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు. ఈలోగా ఎవరైనా వందల లింకులు కొనిపెడతానని వస్తే పంపేయండి, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మళ్లీ టైప్ చేయనక్కర్లేదు. కాకపోతే ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, తెలుగు బాగా తెలిసినవాళ్లు ఒకసారి చదవాలి.

దర్శి మాస్టారు:
మార్చినవి నాకు పంపండి బాబూ. బడి అయ్యాక సాయంత్రాలు కూర్చుని చదివి, దిద్ది పంపుతాను.