రక్తదాతల్లో హెపటైటిస్ శాతం: ఎక్కువ చూపిస్తున్నారా, తక్కువ చూపిస్తున్నారా?

తెల్లకాగితం: బ్లడ్ బ్యాంకుల్లో ఇంతమంది దాతలకి హెపటైటిస్-బి, సి బయటపడ్డాయి అని సర్వేలు వస్తుంటాయి కదా. ఆ శాతమే మొత్తం జనానికీ వర్తిస్తుందని రాసేస్తున్నారు. నమ్మొచ్చా?

ల్యాబ్‌కోటు: నమ్మకండి. అసలు లెక్క అంతకంటే ఎక్కువే. దాతలంటే ముందే వడపోసిన జనం. హెపటైటిస్ ఉందని తెలిసినవాళ్లని, సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లని ఫారం దగ్గరే వెనక్కి పంపేస్తాం. ఏటా వచ్చి ఇచ్చేవాళ్ల సంగతి సరేసరి, పాజిటివ్ వచ్చినవాళ్లు వాళ్లలోంచి ఎప్పుడో వెళ్లిపోయారు. వీళ్లని చూసి జనం లెక్క కడతారా?

ఓ_నెగిటివ్: తలకిందులుగా చెప్తున్నారు. ఎక్కువే చూపిస్తున్నారు. మొదటి టెస్టులో రియాక్టివ్ (అంటే పాజిటివ్ కావొచ్చన్న సంకేతం, ఇంకా నిర్ధారణ కాలేదు) వచ్చిన ప్రతివాణ్నీ రోగి ఖాతాలో వేస్తున్నారు. పదివేల మందిలో పదిమందికి జబ్బుందనుకోండి. జబ్బు లేనివాళ్లలో 99.5 శాతం మందికి కిట్ సరిగ్గానే నెగిటివ్ చెప్పినా, ఇంకో 50 మందిని ఉత్తపుణ్యానికి పాజిటివ్ అంటుంది.

బుజ్జిపండు: అంటే అరవైలో యాభై ఉత్తవేనా!! 😳

ల్యాబ్‌కోటు: కిట్ల మాట కాదు నేనన్నది. విండో పీరియడ్, అంటే జబ్బు సోకినా పరీక్షకి ఇంకా దొరకని రోజులు, వాటి సంగతేంటి? హెపటైటిస్-సి సోకాక యాంటీబాడీ (వైరస్‌ని ఎదుర్కోడానికి ఒంట్లో తయారయ్యే ప్రొటీన్) కనబడ్డానికి రెండు నెలలు దాటొచ్చు. న్యాట్ (వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష) చేస్తే వారం పదిరోజుల్లో దొరుకుతుంది. బి లో అయితే యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రొటీన్) పరీక్ష నెగిటివ్ వచ్చి, వైరస్ డీఎన్ఏ మాత్రం రక్తంలో తిరుగుతుండేవాళ్లు కూడా ఉన్నారు.

లెక్కల_మాస్టారు: విండో పీరియడ్ రక్తం ఎక్కించుకునేవాడికి ప్రమాదం, నిజమే. దానివల్ల సర్వే శాతం ఎంత మారుతుందండీ? లేశమంత. ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్న జవాబు చెప్తున్నారు. ఇంకోటి, సి యాంటీబాడీ పాజిటివ్ అంటే ఇప్పుడు జబ్బుందని కాదు. దానంతటదే పోయినవాళ్లకీ, మందులతో నయమైనవాళ్లకీ ఏళ్ల తరబడి పాజిటివే వస్తుంది.

చిలకపచ్చ: డబ్బుకి రక్తం అమ్మేవాళ్లవల్లే ఇదంతా.

లెక్కల_మాస్టారు: కొంతవరకు అంతే. అమెరికాలో 1970 ప్రాంతంలో డబ్బు తీసుకునే దాతల్ని మానిపించి, బి పరీక్ష మొదలుపెట్టాక ఎక్కించుకున్నవాళ్లలో హెపటైటిస్ బాగా పడిపోయిందని హార్వీ ఆల్టర్ అనే అమెరికన్ వైద్య పరిశోధకుడి బృందం చూపించింది. అయినా పూర్తిగా పోలేదు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం సి అని 1989లో ఆ వైరస్ దొరికాక గానీ తేలలేదు.

ఓ_నెగిటివ్: చరిత్ర సరే. నేను రక్తమిచ్చాక ఫోన్ చేసి "మీ రక్తంలో ఏదో ఉంది, ఇకమీదట రాకండి" అన్నారు. ఆ ఏదో ఏమిటో చెప్పలేదు. ఇంట్లో నా గ్లాసు వేరు పెట్టారు. బయట పెద్ద పరీక్షలు చేయించుకుంటే ఏమీ లేదన్నారు. వాళ్ల శాతంలో నేనూ ఉండే ఉంటాను.

ల్యాబ్‌కోటు: మా నాన్నకి ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తంతోనే సి వచ్చింది. అప్పటికి పరీక్షే లేదు. లివర్ గట్టిపడిపోయాక తెలిసింది. అనుమానముంటే పారెయ్యాల్సిందే. మీ మనసు నొచ్చుకోవడం కంటే ఎక్కించుకునేవాడి లివర్ ముఖ్యం నాకు.

ఓ_నెగిటివ్: పారెయ్యొద్దని ఎవడన్నాడు సార్? బ్యాగ్ పారెయ్యండి. బ్యాగ్‌తోపాటు మనిషినీ పారేస్తున్నారు!

ల్యాబ్‌కోటు: దాతకి వైద్యం చెయ్యడం మా పని కాదు. మా పని బ్యాగ్ వరకే.

ఓ_నెగిటివ్: అయితే నిర్ధారణ పరీక్ష చెయ్యకుండా శాతాలు అచ్చెయ్యడం కూడా మీ పని కాదు.

లెక్కల_మాస్టారు: ఇంతసేపూ ఇద్దరూ అంకె మీద కొట్టుకుంటున్నట్టు నటించారు. సి కి ఇప్పుడు 8 నుంచి 12 వారాలు మాత్రలు వేసుకుంటే 95 శాతం మందికి పైగా నయమవుతోంది. నిజంగా ఉన్న ఆ పదిమందికైనా ఎవరు చెప్పాలి మరి?

ల్యాబ్‌కోటు: చెప్తూనే ఉన్నాం. పిలిస్తే చాలామంది ఫోనెత్తరు. కొందరు నంబరే తప్పు రాస్తారు.

ఓ_నెగిటివ్: "ఏదో ఉంది" అని పెట్టేస్తే రెండోసారి ఎవరెత్తుతారు?

బుజ్జిపండు: నేను పోయిన నెల ఇచ్చాను, ఫోన్ రాలేదు. అంటే నెగిటివేనా? ఎవరైనా చెప్పండి ప్లీజ్