‘ఫెలొనీ’ని తెలుగులో ఏమనాలి?
అమెరికా కోర్టు తీర్పు ఒకటి తెలుగు చేస్తూ వారం రోజులుగా ‘ఫెలొనీ’ దగ్గరే ఆగిపోయాను. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాదికి మించి జైలుశిక్ష పడదగిన నేరమని అర్థం. ‘ఘోర నేరం’ అని రాస్తే చదివేవారికి హత్య గుర్తుకొస్తుంది. ఇక్కడున్నదేమో దొంగ చెక్కు! ‘కాగ్నిజబుల్ నేరం’ కుదరదు, అది వారంటు లేకుండా అరెస్టు చేయడానికి సంబంధించిన మాట. ‘మహాపరాధం’ అని రాసి చూశాను, పురాణంలా ఉంది. మూలం వెతికితే, పాత ఫ్రెంచిలో దుర్మార్గం, ద్రోహం అని తేలింది. మధ్యయుగ ఇంగ్లండులో ఈ నేరం రుజువైతే ఆస్తి కూడా పోయేది. ఆ ఇంగ్లండే 1967లో ఈ వర్గీకరణను రద్దు చేసింది, నాకు మాత్రం తప్పలేదు. శిక్షాకాలాన్ని బట్టి చేసిన ఈ విభజన స్ఫురించేలా మీరైతే ఏ తెలుగు పదం వాడతారు?