సీసం లేని రాగి బుల్లెట్లతో రైఫిల్ గురి చెదిరిపోతోంది, లోపం ఎక్కడ?

తాడిపత్రి అబ్బాయి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మా సొంత ఊరు తాడిపత్రి. పన్నెండేళ్లుగా కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాను, ఇప్పుడు రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చాను. అక్కడ లైసెన్సు తీసుకుని ఏటా అడవి పందుల వేటకు వెళ్తుంటాను. సీసం ముక్కలున్న కళేబరాలను తిని కాండర్ రాబందులు చనిపోతున్నాయన్న కారణంతో ఆ రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసపు తూటాలను పూర్తిగా నిషేధించారు. 1982 నాటికి ఆ పక్షులు 22 మాత్రమే మిగిలాయని తెలిసినవాడిని కాబట్టి చట్టం మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా నా రైఫిల్ మీదే.

నాది పాతగా కొన్న .308 రైఫిల్, అంటే 0.308 అంగుళాల వ్యాసం ఉన్న బుల్లెట్లు కాల్చేది. 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువును కొలిచే చిన్న ప్రమాణం) సీసపు బుల్లెట్లతో 100 గజాల దూరంలో అయిదు గుండ్లు అంగుళంన్నర లోపల పడేవి. దాదాపు అదే బరువని 168 గ్రెయిన్ల రాగి బుల్లెట్లున్న తూటాలు కొన్నాను. అయిదు గుండ్లూ నాలుగు అంగుళాల మేర చెదిరాయి. టెలిస్కోపు చెడిపోయిందేమోనని పాత సీసపు తూటాలనే మళ్లీ కాగితపు గురి మీద కాల్చి చూస్తే, అవి కూడా రెండున్నర అంగుళాలకు పెరిగాయి. బ్యారెల్ మార్చాలా, లేక నా చేతిలోనే లోపం ఉందా?

పాత ఆర్మరర్, కడప:
బాబూ, సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో చాలాకాలం పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, బ్యారెల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ ప్రశ్నలో అన్నిటికన్నా విలువైన మాట చివర్లో ఉంది: పాత తూటాల గురి కూడా చెడింది. అంటే రాగి బుల్లెట్లు కాల్చాక గొట్టం లోపల ఏదో మారింది. మీ గొట్టంలో ఇన్నాళ్లూ పేరుకున్న పొరల మీద స్వచ్ఛమైన రాగి మరింత గట్టిగా అంటుకుని ఉంటుంది. నూనె గుడ్డ నాలుగుసార్లు తిప్పి శుభ్రం చేశామనుకుంటే అది పోదు. రాగిని కరిగించే అమ్మోనియా సాల్వెంట్‌ను గుడ్డ ముక్కతో పట్టించి, సీసా మీద రాసినంత సేపే ఉంచి తుడవాలి. రాగి ఉన్నంతకాలం గుడ్డ నీలంగా వస్తుంది, తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాల్సిందే. ఇత్తడి, కంచు బ్రష్షులను ఆ ద్రావకంతో కలిపి వాడకండి. బ్రష్షులోని రాగి కరిగి గుడ్డ నీలమవుతుంది, గొట్టం ఇంకా మురికిగా ఉందని మీరు భ్రమపడతారు. నైలాన్ బ్రష్షు మేలు.

ఇంకో మూడు విషయాలు తెలియాలి. బుల్లెట్ పొడవెంత? మీ గొట్టంలోని మరలు, అంటే బుల్లెట్‌ను తిప్పే మెలికల గీతలు, ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఎన్ని అంగుళాలు తీసుకుంటాయి? కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, కోలగా ఉన్నాయా? రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాక, శుభ్రం చేసే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి, కడ్డీ మీద ఒక గీత గీసి మెల్లగా తోస్తే, ఆ గీత ఒక చుట్టు తిరిగి పైకి వచ్చేసరికి కడ్డీ ఎంత లోపలికి వెళ్లిందో అదే చుట్టు కొలత.

తాడిపత్రి అబ్బాయి:
ధన్యవాదాలు సార్. రైఫిల్ అక్కడ మా బావమరిది దగ్గర ఉంది, రాత్రి ఫోనులో చెప్పి కొలిపించాను. చుట్టు 12 అంగుళాలు. రాగి బుల్లెట్ పొడవు 1.4 అంగుళాలు, పాత సీసపుది 1.2. దాచి ఉంచిన కాగితాలు వెతికి చూస్తే, అయిదు రంధ్రాల్లో రెండు స్పష్టంగా కోలగా ఉన్నాయట. అప్పట్లో నేను దాన్ని పట్టించుకోలేదు.

పాత ఆర్మరర్, కడప:
ఆ రెండు కోల రంధ్రాలే సమాధానం. బుల్లెట్ ముక్కు మీద నిలబడి వెళ్లడం లేదు, కాస్త ఒరిగి వెళ్తోంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే రాగిది 8.96. అందువల్ల అదే బరువు కావాలంటే రాగి బుల్లెట్ పొడవుగా ఉండక తప్పదు, పొడవు పెరిగితే నిలకడగా ఉండడానికి మరింత వేగంగా తిరగాలి. 1879లో గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణితవేత్త ఇచ్చిన సూత్రం ప్రకారం వ్యాసం వర్గాన్ని 150తో గుణించి పొడవుతో భాగిస్తే కావలసిన చుట్టు అంగుళాల్లో వస్తుంది. 0.308 వర్గం 0.0949. మీ సీసపు బుల్లెట్‌కు దాదాపు 11.9 వస్తుంది, 12 అంగుళాల గొట్టం దాన్ని ఎందుకు భరించిందో చూడండి. రాగి బుల్లెట్‌కు 10.2 వస్తుంది. రాగి తేలిక కాబట్టి దాన్ని మరో 0.9తో గుణిస్తే 9.2 దగ్గర ఆగుతుంది. ఆ సూత్రం కొంచెం అతిజాగ్రత్త మనిషి లాంటిది, వాస్తవంలో 10 అంగుళాల గొట్టాలు ఈ బుల్లెట్‌ను బాగానే నిలబెడతాయి. మీ 12 మాత్రం అంచు మీద ఉంది. గాలి చల్లగా, చిక్కగా ఉండే చలికాలపు ఉదయాల్లో ఇంకా చెడుతుంది.

కాబట్టి బరువు తగ్గించండి. 130 గ్రెయిన్ల రాగి బుల్లెట్ దాదాపు 1.2 అంగుళాలు ఉంటుంది. దాని వేగం సెకనుకు 2,800 అడుగులు దాటుతుంది కాబట్టి సూత్రంలో 150 బదులు 180 వేయాలి, సాంద్రత సవరణ కలిపినా 12.8 వస్తుంది, మీ గొట్టానికి సరిపోతుంది. తేలిక బుల్లెట్ పంది భుజాన్ని దాటదేమోనని భయపడకండి. రాగి ముక్కలై రాలిపోదు, బరువంతా తనతోనే ఉంచుకుని లోతుకు వెళ్తుంది. పైగా సెకనుకు సుమారు 1,800 అడుగుల కన్నా వేగం తగ్గితే చాలా రాగి బుల్లెట్లు సరిగా విచ్చుకోవు, ఆ లెక్కన కూడా వేగంగా వెళ్లేదే మీకు మంచిది.

లేత్ పని, ప్రొద్దుటూరు:
నేను తుపాకుల మనిషిని కాదు, లోహం మనిషిని. మా ఊరి కంసాలులను అడిగినా చెబుతారు, రాగిని కొట్టేకొద్దీ అది బిగుసుకుంటుంది, మళ్లీ కాల్చితే తప్ప మెత్తబడదు. సీసపు గుజ్జు ఉన్న బుల్లెట్ వెనుక నుంచి ఒత్తిడి తగలగానే కొంచెం ఉబ్బి గొట్టానికి అమరుతుంది. గట్టి రాగి అలా లొంగదు, మరలే దాన్ని కోసుకుంటూ పోవాలి. చాలా రాగి బుల్లెట్ల ఒంటి మీద చుట్టూ గాడులు ఉండడానికి కారణం అదే: కోసిన లోహం పోవడానికి చోటు కావాలి, ఒరిపిడీ తగ్గాలి. మీరు కొనేది అలాంటిదేనా చూసుకోండి.

తాడిపత్రి అబ్బాయి గారి బావమరిది తూటాలు స్వయంగా నింపుకునే మనిషి అయితే ఒక మాట. బుల్లెట్‌ను గొట్టంలోని మరలు మొదలయ్యే అంచుకు తాకేంత దగ్గరగా పెట్టడం సీసానికి పనికొస్తుందేమో గానీ, రాగికి 0.050 అంగుళం ఖాళీ వదిలి మొదలుపెట్టమని తయారీదారులే చెబుతారు. కొన్ని గొట్టాలు అంతకు రెట్టింపు ఖాళీని ఇష్టపడతాయని చదివాను. సీసపు బుల్లెట్‌కు ఇచ్చిన తుపాకీ మందు కొలతను అదే బరువు రాగికి వాడడం మాత్రం ప్రమాదం, పొడవు బుల్లెట్ తూటాలో చోటు ఆక్రమించి ఒత్తిడి పెంచుతుంది. ఆ బుల్లెట్‌కు ప్రత్యేకంగా అచ్చువేసిన పట్టికనే చూడాలి.

కర్నూలు రైతు:
మా శనగ చేను మీద అడవి పందుల దాడి ఆగడం లేదు. ఈ రాగి తూటాలు ఇక్కడ మాకు పనికొస్తాయా?

పాత ఆర్మరర్, కడప:
అయ్యా, ఇక్కడ విషయం వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లైసెన్సు తుపాకీ ఉన్నా పందిని కాల్చడం నేరమే. పంట నష్టం ఉంటే 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి అనుమతి ఇవ్వాలి. ముందు అటవీశాఖ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టండి.

తాడిపత్రి అబ్బాయి:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మా బావమరిది మూడు సాయంత్రాలు గొట్టం తుడిచాడు. మొదటి రోజు గుడ్డలు నెమలికంఠం రంగులో వచ్చాయట. తర్వాత గాడులున్న 130 గ్రెయిన్ల రాగి తూటాలు తెచ్చి, గొట్టం చల్లారనిస్తూ కాల్చాడు. తుడిచిన గొట్టంలో మొదటి నాలుగు గుండ్లు ఎటుపడితే అటు వెళ్లాయి, ఆ తర్వాతి అయిదు అంగుళం పావు లోపల పడ్డాయి. రంధ్రాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. మళ్లీ అయిదు కాల్చితే అంగుళంన్నర వచ్చింది. గురి మాత్రం పాతదానికన్నా రెండు అంగుళాలు పైకి పడుతోంది, టెలిస్కోపు తిరిగి సరిచేయాలి. నేను వెళ్లేసరికి ఇరవై తూటాలు మిగల్చమన్నాను, తన స్నేహితులకు చూపించడానికి అతను ఎన్ని కాల్చేస్తాడో తెలియదు.