గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ చిత్రశాలను రాత్రివేళ ఫొటో తీయడం ఎలా?

సందేహం

సభ్యులందరికీ నమస్కారం. నేను స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చదువుకుంటున్నాను. కెల్విన్‌గ్రోవ్ ఆర్ట్ గ్యాలరీ అండ్ మ్యూజియం మా ఇంటికి నడక దూరంలోనే ఉంది. ఎర్ర ఇసుకరాతితో కట్టిన ఆ భవనాన్ని దీపాల వెలుగులో ఫొటో తీసి, పెద్ద సైజులో అచ్చు వేయించి మా నాన్నగారికి పంపాలని ఉంది. ఆయన డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు, అందుచేత రాతి చెక్కడాలు స్పష్టంగా కనబడాలని నా పట్టుదల. రాత్రి తొమ్మిది దాటాక ఆర్గైల్ స్ట్రీట్ వైపు నుంచి తీస్తే ఆకాశం కటిక నలుపుగా వస్తోంది, గోపురాల అంచులు అందులో కలిసిపోతున్నాయి. దీపాలకు దగ్గరగా ఉన్న రాయి మాత్రం నారింజ రంగు ముద్దగా మారి, చెక్కడం ఆనవాలే లేకుండా పోతోంది. భవనం వెనక్కి వాలినట్టుగా కూడా కనిపిస్తోంది. నా దగ్గర ఏపీఎస్-సి సెన్సర్ (వెలుగును గ్రహించే మధ్యరకం సైజు పలక) ఉన్న కెమెరా, 18-55 మి.మీ. జూమ్ లెన్స్, మామూలు ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) ఉన్నాయి. డిసెంబరులో ఏ వేళకు, ఏ వైపు నుంచి తీయడం మంచిది? అనుమతి ఏమైనా తీసుకోవాలా?

మొదటి సమాధానం

మీ ఇబ్బందుల్లో సగానికి కారణం కెమెరా కాదు, మీరు ఎంచుకున్న వేళ. రాత్రి ఫొటో అని మనం అనుకునే మంచి చిత్రాల్లో చాలావాటిని నిజానికి చీకటి పడకముందే, ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉండగానే తీస్తారు. ఆ కొద్దిసేపు ఆకాశపు వెలుగూ భవనం మీది దీపాల వెలుగూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి కాబట్టి గోపురం అంచు విడిగా తెలుస్తుంది. మన హైదరాబాదులో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు, ఆ వెలుగు పాతిక నిమిషాల లోపే ముగుస్తుంది. గ్లాస్గో దాదాపు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల అక్కడ సూర్యుడు ఏటవాలుగా జారుతాడు. డిసెంబరు మూడో వారంలో సూర్యాస్తమయం సుమారు 3:45కే అవుతుంది, నాలుగున్నర దాకా పనికివచ్చే వెలుగు ఉంటుంది. కనుక మూడున్నరకల్లా ట్రైపాడ్ నిలబెట్టుకుని, నాలుగు దాటిన దగ్గరి నుంచి రెండు మూడు నిమిషాలకొక ఫొటో చొప్పున తీస్తూ పొండి.

శీతాకాలంలో మీకు కలిసివచ్చే విషయం ఇంకొకటి ఉంది. మ్యూజియం సాయంత్రం 5 గంటలకు మూస్తారు. అంటే ఆకాశం నీలంగా ఉన్న ఆ సమయంలో లోపలి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి, కిటికీలన్నీ నిండుగా కనిపిస్తాయి. తొమ్మిది గంటలకు వెళ్తే అది దొరకదు.

ఇక ఏ వైపు నుంచి అన్నది. ఈ భవనాన్ని పొరపాటున వెనకాముందుగా కట్టేశారనీ, అది చూసి వాస్తుశిల్పి గోపురం మీదినుంచి దూకేశాడనీ గ్లాస్గోలో ఒక కథ చెబుతారు, అది నిజం కాదు. జాన్ సింప్సన్, మిల్నర్ అలెన్‌లు రూపొందించిన ఈ కట్టడం 1901 అంతర్జాతీయ ప్రదర్శన సందర్భంగా తెరుచుకుంది. దాని ముఖద్వారం కెల్విన్‌గ్రోవ్ పార్కు వైపు, అంటే ఉత్తరానికి ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న ఆలోచనే. ఆర్గైల్ స్ట్రీట్ మీదుగా వచ్చేవాళ్లకు దక్షిణపు వైపు ముందుగా కనిపించడం వల్ల ఆ కథ పుట్టి ఉంటుంది. ఇది మీ ఫొటోకు నేరుగా సంబంధించిన విషయం. డిసెంబరులో సూర్యుడు నైరుతి దిక్కున అస్తమిస్తాడు. మీరు పార్కులో నిలబడి దక్షిణానికి చూస్తే అస్తమయం తరువాతి వెలుగంతా భవనం వెనక, కుడివైపున ఉంటుంది. స్పెయిన్‌లోని శాంటియాగో డి కాంపోస్టెలా కేథడ్రల్‌ను గుర్తుకుతెచ్చే ఆ జంట గోపురాలు వెలుగున్న ఆకాశం మీద కత్తిరించినట్టు నిలుస్తాయి. ఆర్గైల్ స్ట్రీట్ నుంచి చూస్తే మీ ఎదురుగా ఉండేది ఉత్తరపు ఆకాశం, ఆ నెలలో ముందుగా చీకటి కమ్మేది అటువైపే.

ఉత్తరాన గిల్మోర్‌హిల్ మీద యూనివర్సిటీ ఆవరణ నుంచి కిందికి చూసినా భవనం అందంగా కనిపిస్తుంది. అక్కడికైతే మీ లెన్స్‌ను 55 దగ్గర, అంటే పూర్తిగా జూమ్ చేసి, పెట్టాలి. చెట్లు ఆకులు రాల్చిన కాలం కాబట్టి అడ్డు కూడా తక్కువ.

రెండవ సమాధానం

పై సభ్యులు వేళ గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నారింజ ముద్ద సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఎర్రరాతి కట్టడాలన్నింటికీ ఇదే సమస్య. రాయి ఎరుపు, దాని మీద పడే దీపం పసుపు. రెండూ కలిసి సెన్సర్‌లోని ఎరుపు చానల్‌ను (ఎరుపు వెలుగును నమోదు చేసే భాగాన్ని) నింపేస్తాయి, ఆకుపచ్చ, నీలం చానళ్లు ఖాళీగానే ఉంటాయి. కెమెరా చూపించే మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలోని చీకటిని ఎడమకు, వెలుగును కుడికి చూపే పటంలో) ఆకుపచ్చకే ఎక్కువ విలువ ఉండడం వల్ల అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ ఎరుపులోని వివరం అప్పటికే పోయి ఉంటుంది. మెనూలో మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను ఎంచుకుని, ఎరుపు గీత కుడి గోడను తాకకుండా చూసుకోండి. అవసరమైతే ఎక్స్‌పోజర్ (సెన్సర్ మీద పడే వెలుగు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. రా ఫైల్‌గానే (కెమెరా దిద్దని మూల సమాచారంగా) తీయండి. వైట్ బ్యాలెన్స్‌ను (దీపం రంగుకు తగ్గట్టు తెలుపును సరిచేసే సెట్టింగును) పగటి వెలుగుకు కాక, పసుపు దీపాలకు తగిన 3200 కెల్విన్ దగ్గర పెడితే తెర మీద కనిపించే హిస్టోగ్రామ్ వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఏదైనా సందర్భానికి ఊదా, నీలం వంటి రంగు దీపాలు వేస్తే మాత్రం వైట్ బ్యాలెన్స్‌తో రాతి అసలు రంగును తిరిగి రాబట్టలేరు. చెక్కడాలే ముఖ్యమనుకుంటే అటువంటి రోజును వదిలేయండి.

సెట్టింగులకు వస్తే ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ఎఫ్/8 పెట్టి, షట్టర్ (వెలుగు పడే సమయం) ఒక సెకను దగ్గర మొదలుపెట్టి, చీకటి పడేకొద్దీ రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లకు పెంచుతూ వెళ్లండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజర్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపేయాలి, రెండు సెకన్ల టైమర్ వాడాలి. ఫోకస్‌ను ఆటోకు వదలకుండా, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) ఒక కిటికీ రాతి అంచును పెద్దది చేసి చూసి చేత్తో సరిచేయండి. ట్రైపాడ్ కదల్చకుండా తీసిన ఫొటోలలో ఆకాశం బాగా వచ్చినదానినీ, దీపాలు అదుపులో ఉన్నదానినీ తరువాత కలుపుకోవచ్చు. పెద్ద అచ్చు వేయించేటట్టయితే నేను ఈ పద్ధతినే గట్టిగా సూచిస్తాను.

భవనం వెనక్కి వాలడానికి కారణం కెమెరాను పైకి ఎత్తడమే. వీలైనంత దూరం జరిగి, కెమెరాను నేలకు సమాంతరంగా ఉంచి, కింద అనవసరంగా వచ్చే నేలను తరువాత కత్తిరించండి. వాన వెలిసిన సాయంత్రమైతే ఆ నేలే తడి మెరుపుతో దీపాలను ప్రతిఫలిస్తుంది, అప్పుడు కత్తిరించకండి.

మూడవ సమాధానం

అనుమతి గురించి. బ్రిటన్‌లో బహిరంగ స్థలంలో నిలబడి సొంతానికి భవనాన్ని ఫొటో తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. భవనాల ఫొటోలు తీయడం కాపీరైట్ ఉల్లంఘన కాదని అక్కడి 1988 చట్టంలోనే ఉంది. ట్రైపాడ్ కాళ్లు నడిచేవారికి అడ్డం లేకుండా చూసుకోండి, మ్యూజియం మెట్ల మీద పెట్టాలనుకుంటే సిబ్బందిని అడగండి. చీకటి పడ్డాక పార్కులో కెమెరాతో ఒంటరిగా ఉండవద్దు, తోడుగా ఒకరిని తీసుకువెళ్లండి.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మరొక్క సందేహం. మా నాన్నగారు జూన్‌లో ఇక్కడికి వస్తున్నారు. ఆయనతో కలిసి తీయాలంటే ఇదే పద్ధతి పనికివస్తుందా?

మొదటి సమాధానమిచ్చినవారు

జూన్‌లో దిక్కు తిరగబడుతుంది. సూర్యుడు రాత్రి పది దాటాక వాయవ్యంలో అస్తమిస్తాడు, అర్ధరాత్రి సైతం దిగంతానికి 11 డిగ్రీలకు మించి కిందికి దిగడు. కాబట్టి ఉత్తరపు ఆకాశంలో రాత్రంతా కొంత వెలుగు నిలుస్తుంది. ఆ నెలకు మీరు మొదట ఎంచుకున్న ఆర్గైల్ స్ట్రీట్ వైపే సరైనది, పదకొండు ప్రాంతంలో మొదలుపెట్టండి. మ్యూజియం ఎప్పుడో మూసివేసి ఉంటుంది కనుక కిటికీల్లో వెలుగు ఆశించవద్దు. ముందు రోజు ఒకసారి వెళ్లి ఆ వైపు బయటి దీపాలు ఎన్ని గంటలకు వెలుగుతున్నాయో చూసుకుని, నాన్నగారిని ఆ వేళకు తీసుకువెళ్లండి. జూన్‌లో కూడా రాత్రి చలిగానే ఉంటుంది, ఆయనకు ఒక స్వెట్టరు మరచిపోకండి.